ఎడమవైపు మొహాలు

ఆడుకోవడానికి యూనివర్సిటీకి రమ్మన్నారని బెన్యివా చెబితే వీధిలో ఒక్కరూ నమ్మలేదు. ఎదురింటి అరుగు మీద అరటిపళ్లు కాల్చి అమ్మే ఎసాబా అయితే నిప్పులు విసరడం మానేసి మరీ నవ్వింది.

"డెబ్భై దాటాక నిన్ను బళ్లో చేర్చుకున్నారా అక్కా? అక్షరాలు దిద్దిస్తారా, వట్టి ఆటలేనా?"

"వట్టి ఆటలే. నేనూ నా మనవరాలూ కలిసి ఆడాలట. వాళ్లు కూర్చుని చూస్తారట," అంది బెన్యివా తలగుడ్డ బిగించి ముడి వేసుకుంటూ.

"చూసినందుకు జీతాలిస్తారా వాళ్లకి?"

"ఇస్తారు కాబోలు. చదువుకున్నవాళ్లు కదా."

ఆ సోమవారం పొద్దున నూనెలో వేయించిన తీపి బోఫ్రాట్ ఉండలు అమ్ముడైపోగానే బెన్యివా బాణలి దించేసి, నిమ్మచెక్కతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. ఎంత కడిగినా పులిసిన పిండి వాసనా, జాజికాయ వాసనా ఆ వేళ్లను వదిలిపెట్టవు. చర్చికి తప్ప కట్టని నీలం గుడ్డ తీసి కట్టుకుంది. మనవరాలు అరబాకి తొమ్మిదేళ్లు. దాని పొట్టిజుట్టుకి నూనె రాసి, మోచేతులకి కొబ్బరి వెన్న పట్టించి, అది వద్దు వద్దంటున్నా సాక్సులు తొడిగింది. ఇద్దరూ మంకెసిమ్ కూడలిలో ట్రోట్రో వ్యాను ఎక్కి, కొండ మీద కొత్తగా కట్టిన ఆ యూనివర్సిటీ ముందు దిగారు.

సెర్వా అనే అమ్మాయి గేటు దాకా ఎదురొచ్చింది. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోందట. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, నిద్రకి మొహం వాచినట్టు ఉంది. ఈ పిల్లకి వేళకి తిండి పెట్టేవాళ్లు లేరని బెన్యివా చూడగానే తేల్చేసింది. లోపల గదిలో నలుగురు విద్యార్థులు కూర్చుని ఉంటే, కుడివైపు చివరనున్న కుర్రాడితో మొదలుపెట్టి వరసగా అందరికీ చెయ్యి కలిపి, ఇంట్లోవాళ్లు క్షేమమా అని అడిగి, అప్పుడు తను కూర్చుంది. ఎడమ చివర నుంచి పలకరించుకుంటూ రావడం ఆ ఊళ్లో పెంపకం లేనివాళ్లు చేసే పని.

"మామ్మగారూ, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి వీడియో గేములాడితే వాళ్ల మనసులకి ఏమవుతుందో చూస్తున్నామండీ," అంది సెర్వా. "శుక్రవారం దాకా రోజూ కాసేపు ఆడితే చాలు. విసుగొస్తే మానేయచ్చు."

"ఆడుకుంటే మనసుకి ఏమవుతుందో మీకు తెలీదా తల్లీ?"

"తెలుసండీ. కానీ తెలుసు అని రాయాలంటే కొలవాలి."

పక్క గదిలో గోడంత తెర. దాని ముందు నిలబడితే పైనున్న చిన్న కెమెరా మనుషుల్ని చూస్తుంది. తెర మీద కుడివైపో, ఎడమవైపో ఒక మొహం తేలి వస్తుంది. అది మాయమైపోయేలోగా చెయ్యి చాచి తాకినట్టు చూపించాలి. తాకితే ఆ మొహం పకపకా నవ్వి వెళ్లిపోతుంది, తాకకపోతే చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంది. అంతే ఆట. మొదట తెర మీద రంగు రంగుల బుడగలు వచ్చేవట. ముసలివాళ్లకి బుడగలతో ఏం పనిలెమ్మని సెర్వా ఊరంతా తిరిగి, మనుషుల్ని అడిగి, ఫోటోలు తీసి, వాటిని అందులో పెట్టించింది. తలగుడ్డల అమ్మలు, తెల్లగడ్డాల పెద్దాయనలు, పాలపళ్లు ఊడిన పిల్లలు. చూస్తే మన వీధి మనుషుల్లాగే ఉన్నారు. ఆ పిల్ల ఎంతో ప్రేమగా చేసిన పని అది.

"ఆట అయ్యేదాకా మాటలు మాత్రం వద్దండి. మాట్లాడితే లెక్క తప్పుతుంది," అని చెప్పి సెర్వా వెనకాల తన కంప్యూటర్ ముందుకి వెళ్లి కూర్చుంది.

మొదటి మొహం కుడివైపు వచ్చింది. ఎవరో నడివయసు ఆడమనిషి. బెన్యివా తలొంచి, కుడిచెయ్యి చాచింది. ఆమె పకపకా నవ్వింది. బెన్యివాకి ఒళ్లు పులకరించింది. పరాయి మనిషిని నవ్వించి ఎన్నాళ్లయిందో. రెండో మొహం ఎడమవైపు, ఒక ముసలాయన. బెన్యివా ఎడమచెయ్యి ఎప్పుడో నడుం వెనక్కి వెళ్లి దాక్కుంది. పెద్దల ముందు నిలబడితే అది ఉండే చోటు అదే. ఆవిడ ఒళ్లంతా తిప్పి, కుడిచెయ్యి అటు చాపేసరికి ఆయన చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. రెండువైపులా ఒకేసారి వచ్చినప్పుడు ముందు కుడివైపు వాళ్లని పలకరించి, తరవాత ఎడమకి తిరిగేది. అప్పటికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. అయ్యో అనుకునేది.

అరబాకి ఈ బాధలేం లేవు. రెండు చేతులూ గాలిమరలా ఆడిస్తోంది. మళ్లీ ఆ ముసలాయన ఎడమవైపు రాగానే ఎడమ అరచెయ్యి తీసుకెళ్లి ఆయన మొహం మీద పెట్టింది. ఫట్‌మని దాని చేతి మీద ఒక దెబ్బ పడింది.

"అమ్మమ్మా, ఆటే కదా."

"మాటలొద్దు అరబా," అంది సెర్వా వెనక నుంచి, మెత్తగా.

బెన్యివా మనవరాలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం అరబాకి నడక రాకముందే తెలుసు. మిగతా ఆటంతా అది మూతి ముడుచుకునే ఆడింది. వెనకాల సెర్వా ఏదో రాసుకుంది.

*

మంగళవారం తెల్లవారి పిండి బాగా పొంగింది. బెన్యివా ముక్కాలిపీట మీద కూర్చుని, కుడిచేతి పిడికిట్లోకి పిండి తీసుకుని, బొటనవేలి సందులోంచి ఉండ ఉండగా నూనెలోకి వదులుతోంది. ఎడమచేతిలో పొడుగు పుల్ల. పడిన ఉండ పడినట్టు దాన్ని తిప్పుతూ, ఎర్రబడినదాన్ని అంచుకి తోస్తూ, పచ్చిగా ఉన్నదాన్ని మధ్యకి లాగుతూ ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఆవిడ దాని వైపు చూడను కూడా చూడదు. అరబా కాగితాలు చుట్టి పొట్లాలు చేస్తోంది. నిన్నటి నుంచీ దానికి అలక తీరలేదు.

"నువ్వు కొట్టకపోతే ఇంకా చాలామందిని నవ్వించేదాన్ని," అంది ఉన్నట్టుండి.

"నవ్వించేదానివి. నీ అమ్మమ్మ పరువు తీసేదానివి."

"వాళ్లు మనుషులు కాదు అమ్మమ్మా. బొమ్మలు."

"మొహం ఉందా లేదా?"

"ఉంది."

"నవ్వారా లేదా?"

"నవ్వారు."

"మరి? గోడ మీద మీ తాత ఫోటో ఉంది. వెళ్లి ఎడమచెయ్యి ఆయన మొహం మీద ఊపు చూద్దాం."

అరబా గోడ వైపు చూసింది. తాతయ్య సూటు వేసుకుని సీరియస్‌గా చూస్తున్నాడు. అది ఆ పని చేయలేదు. పొట్లం చుట్టడంలో పడిపోయింది. కాసేపటికి దాని బుగ్గలో సొట్ట పడటం చూసి బెన్యివా, విరిగిపోయిన బోఫ్రాట్ ఒకటి ఊది చల్లార్చి దాని నోట్లో పెట్టింది. అలక అక్కడితో సరి.

ఆ సాయంత్రం వాకిట్లో ఇద్దరూ అంపే ఆడారు. ఎదురెదురుగా నిలబడి చప్పట్లు కొట్టి ఎగిరి, దిగేటప్పుడు ఒక కాలు ముందుకి వేయాలి. ఇద్దరూ ఒకే కాలు వేస్తే ఒకరికి గెలుపు, వేరువేరు కాళ్లు వేస్తే రెండోవాళ్లకి. బెన్యివా ఎగరలేదు కాబట్టి ఎగిరినట్టు మడమలు లేపేది, దానికి అరబా ఒప్పుకునేది. ఎదురింటి నుంచి ఎసాబా అరిచి అడిగింది.

"యూనివర్సిటీలో నేర్పింది ఇదేనా అక్కా?"

"ఇది నేను వాళ్లకి నేర్పుదామనుకుంటున్నా," అంది బెన్యివా, ఎడమకాలు ముందుకి వేసి మనవరాలిని ఓడిస్తూ.

*

బుధవారం ఆట అయిపోయాక సెర్వా కుర్చీ లాక్కుని బెన్యివా ఎదురుగా కూర్చుంది. మూడు రోజుల బట్టీ తన కంప్యూటర్ ఒకటే మాట చెబుతోంది: ఈవిడకి ఎడమవైపు చాలా మందంగా ఉంది. ఇంతకు ముందు ఆడిన పెద్దవాళ్లలో కూడా ఎడమవైపు కొంత మందగించింది. వయసుతో అలా అవుతుందన్నదే సెర్వా రాస్తున్న పుస్తకంలో ముఖ్యమైన మాట. కానీ వాళ్లెవరికీ ఇంతగా లేదు. ఈవిడ ఎడమచెయ్యి అసలు లేవనే లేదు.

"మామ్మగారూ, రెండు చేతుల్తో నా వేళ్లు గట్టిగా పట్టుకోండి."

బెన్యివా కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది. ఎడమచెయ్యి ఇవ్వడానికి సందేహించి, సిగ్గుపడుతూ, వేళ్ల చివరలు మాత్రం తగిలించింది. చదువుకున్న పిల్ల చేతిని ఎడమచేత్తో నలిపేస్తారా ఎవరైనా?

"ఇంతేనా మామ్మగారూ? ఇంకా గట్టిగా..."

"చాల్లే తల్లీ."

"ఎడమచెయ్యి ఎప్పుడైనా తిమ్మిరెక్కుతుందా?"

"ఈ వయసులో తిమ్మిరెక్కని చోటేది చెప్పు."

"ఆటలో ఏమైనా ఇబ్బందిగా ఉందా? ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఇబ్బందేముంది. చల్లగా ఉంది, మనుషులు బావున్నారు, నువ్వూ బావున్నావు. కాస్త తింటే ఇంకా బావుంటావు," అంది బెన్యివా. ఎవరైనా పిలిచి మర్యాద చేస్తే ఇబ్బందిగా ఉందని చెబుతారా?

సెర్వా నవ్వబోయి నవ్వలేకపోయింది. బెన్యివా వెళ్లాక ఆ పిల్ల చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. తనకి సంబంధం లేదని ఊరుకోవచ్చు. కానీ రేపు ఏదైనా అయితే? కాగితాల్లో ఉన్న నంబరు చూసి టకొరాడిలో బ్యాంకులో పని చేసే బెన్యివా కూతురు మన్సాకి ఫోన్ చేసింది.

గురువారం మధ్యాహ్నానికల్లా మన్సా ఇంటి ముందు దిగింది. ఎప్పుడూ నెలాఖరుకి గానీ రాని మనిషి ఆఫీసు బట్టలతోనే వచ్చేసింది. వాకిట్లో అమ్మ రేపటికి పిండి కలుపుతోంది, పక్కనే అరబా బాణలి తోముతోంది. మన్సా కూతుర్ని లేపి పక్కకి లాగింది.

"అమ్మా, రేపటి నుంచి నువ్వు పొయ్యి దగ్గరికి వెళ్లడానికి వీల్లేదు."

"ముందు మంచినీళ్లు తాగవే. ఎవరు చెప్పారు?"

"యూనివర్సిటీ వాళ్లు చెప్పారు. నీ ఎడమవైపు పోతోందట. మిషన్లో తెలిసిపోయింది."

"మిషనుకి నేనేం అన్యాయం చేశానే?"

"నవ్వకమ్మా. చర్చి మెట్ల మీద అక్వాన్సా ఆంటీ కుప్పకూలిపోయింది గుర్తులేదా? ఆవిడకీ మొదట చెయ్యే మందగించింది. ఆవిడ మెట్ల మీద పడింది. నువ్వు మరిగే నూనె మీద పడతావు. పక్కన ఇది ఉంటుంది." మన్సా కూతుర్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. మళ్లీ అందుకుంది. "శనివారం దీన్ని నాతో తీసుకెళ్లిపోతున్నా. అక్కడే బళ్లో వేస్తా. నువ్వూ రా."

"నీ ఒంటి గదిలోకి నేనెక్కడికే."

"అయితే ఇది మాత్రం ఇక్కడుండదు."

కూతురి మీద బెన్యివాకి కోపం రాలేదు. భయంతో మాట్లాడుతోందని తెలుస్తూనే ఉంది. కానీ అరబా లేని ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోలేకపోయింది. పొద్దున లేచి ఎవరితో పోట్లాడాలి? అంపే ఎవరితో ఆడాలి? అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి పుట్టింది. ఆటలో ఎడమచెయ్యి తనే ఎత్తలేదు, అది నిజమే. కానీ మిషన్లు ఒంట్లోకి కూడా చూస్తాయంటారు. తనకి తెలియనిది దానికి తెలిసిందేమో. కూతురికి మంచినీళ్లు ఇద్దామని లేచి, ఎడమచేత్తో కుండ మీది మూత తీస్తూ ఆ చేతినే చూస్తూ నిలబడింది. వణుకుతోందా? లేదా? చూసేకొద్దీ అది తనది కాని చెయ్యిలా అనిపించింది. మూత జారి నేల మీద పడి ఖంగుమంది.

మన్సా తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ఎండ తగ్గాక మన్సా, అరబాని ఇక్కడి బడి మాన్పించే సంగతి మాట్లాడటానికి వీధి చివరికి వెళ్లింది. అరబా వచ్చి అమ్మమ్మని ఆనుకుని కూర్చుంది.

"ఎడమచెయ్యి ఎందుకు ఎత్తలేదో ఆ ఆంటీకి చెప్పేయ్ అమ్మమ్మా."

"ఏమని చెప్పను? నువ్వు మర్యాద తెలియని ఆట పెట్టావే అని చెప్పనా? అంత కష్టపడి, ఊరంతా తిరిగి ఆ మొహాలు తెచ్చుకుంది. ఈ మాట విన్నాక పదిమందిలో తలెత్తుకోగలదా? నా వల్ల కాదు."

"అమ్మకి చెప్పు."

"మీ అమ్మకి చెబితే వయసైపోయి సాకులు చెబుతున్నానంటుంది." బెన్యివా మెల్లగా అంది. "సాకేనేమో కూడా. ఎవరికి తెలుసు."

"అయితే రేపు ఎడమచేత్తో కూడా ఆడు. నీ చెయ్యి బావుందని వాళ్లకే తెలుస్తుంది."

"పెద్దవాళ్ల మొహం మీదికా?"

అరబా మోకాళ్లు వాటేసుకుని ఆలోచించింది. "కుడిచేతి నిండా పిండి ఉన్నప్పుడు పొట్లం ఎడమచేత్తో ఇస్తావు కదా. అప్పుడు ఏమంటావు?"

బెన్యివా మనవరాలి వైపు తిరిగి చూసింది. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అంటుందో తనకే తెలియదు. ఊళ్లో అందరూ అంటారు. పెద్దలకైనా, పిల్లలకైనా ఎడమచెయ్యి చాపక తప్పనప్పుడు ఆ ఒక్క మాటతో తప్పు తప్పు కాకుండా పోతుంది.

"అది అంటే సరిపోతుందంటావా?" అని అడిగింది, పెద్దమనిషిని అడిగినట్టు.

"నేను కొనుక్కునేదాన్నయితే ఏమీ అనుకోను," అంది అరబా.

*

శుక్రవారం మన్సా కూడా కొండెక్కింది. ఆట అవగానే తల్లిని అటు నుంచే ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆమె ఆలోచన. గది మూల కుర్చీలో, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. సెర్వా ఆమెకి తలొంచి నమస్కారం చేసి వెనక్కి వెళ్లింది.

మొహాలు రావడం మొదలైంది. మొదటివి రెండూ కుడివైపే. బెన్యివా వాళ్లని నవ్వించి పంపింది. తరవాత ఎడమవైపు ఆ తెల్లగడ్డం ముసలాయన వచ్చాడు. నడుం వెనకాల ఎడమచెయ్యి బిగుసుకుపోయింది. అరవై ఏళ్లకి పైగా వెనక దాచుకున్న చెయ్యి ముందుకి రమ్మంటే వస్తుందా? ఆయన మొహం చిన్నబుచ్చుకుంటోంది. పక్కన అరబా ఆడటం మానేసి అమ్మమ్మనే చూస్తోంది. బెన్యివా ఊపిరి బిగబట్టి ఆ చెయ్యి బయటికి తీసింది.

"ఎడమచెయ్యి, ఏమనుకోకండి," అంది ఆయనతో, తలొంచి.

ఆయన పకపకా నవ్వాడు.

తరవాత ఎడమవైపు ఒక తలగుడ్డ అమ్మ. "ఎడమచెయ్యి తల్లీ, ఏమనుకోకు." ఆమె నవ్వింది. తరవాత పళ్లూడిన పిల్లాడు. "ఎడమచెయ్యి నాయనా." వాడూ నవ్వాడు. రానురాను మొహాలు జోరుగా రాసాగాయి. ఆవిడ చేతులు రెండూ నూనె బాణలి ముందు కదిలినట్టు కదిలాయి, ఒకదాన్ని ఒకటి అడగకుండా. నోరు మాత్రం ఆగలేదు. తొందరలో మాట కురచైపోయి "ఎడమచెయ్యి, ఎడమచెయ్యి" అంటూ అందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ పోయింది. పక్కన అరబా కూడా ఎడమవైపు వచ్చిన ప్రతి మొహానికీ అదే మాట అంటోంది. ఇద్దరి గొంతులూ కలిసిపోయాయి.

ఆటలో మాటలొద్దని చెప్పాల్సిన సెర్వా చెప్పలేదు. మొదటిసారి ఆ మాట వినగానే ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇప్పుడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

తెర ఆరిపోయాక బెన్యివా ఆయాసపడుతూ వెనక్కి తిరిగింది. "మాట్లాడకూడదన్నావు తల్లీ. మాట్లాడకుండా అయ్యే పని కాదు. నీ లెక్క పాడు చేశానా?"

సెర్వా లేచి వచ్చింది. "మామ్మగారూ, ఇన్ని రోజులూ మీరు చెయ్యెత్తనిది ఇందుకా?"

"మరెందుకు?"

"ఈ పొద్దున ట్యాక్సీ అతనికి ఎడమచేత్తో డబ్బులిస్తూ నేను కూడా ఇదే మాట అన్నానండీ." ఆ పిల్ల గోడకి ఆనుకుంది. "ఇక్కడికొచ్చేసరికి మర్చిపోయాను. ముందు కుర్రాళ్లతో ఆడించి చూశాను. వాళ్లకి బుడగలైనా, మొహాలైనా ఒకటే. పెద్దవాళ్లకి దగ్గరగా ఉంటుందని మొహాలు పెట్టాను. బుడగలే ఉంచి ఉంటే అందరూ చక్కగా రెండు చేతుల్తో ఆడేవాళ్లు. ఇప్పటిదాకా వచ్చిన పెద్దలందరూ... వాళ్ల ఎడమవైపు పోవడం లేదు. వాళ్లు పలకరిస్తున్నారు. నేను రాసిందంతా తప్పు."

బెన్యివా ఆ పిల్ల దగ్గరికి వెళ్లి ఆమె భుజం నిమిరింది. "మళ్లీ రాద్దువుగానిలే. ఆడమంటే మేం మళ్లీ ఆడతాం."

మూల నుంచి మన్సా లేచి నిలబడింది. ఆమె ఇంకా నమ్మలేదు. నమ్మి, రేపు ఏదైనా అయితే తనని తాను క్షమించుకోలేదు, అదీ ఆమె బాధ.

"ఒక్కరోజు బాగా ఆడినంత మాత్రాన ఏం తెలుస్తుంది? ఫోటోలకి మర్యాదేమిటండీ? అమ్మ భయపడి ఏదో చెబుతోంది, మీరు మంచివారు కాబట్టి ఒప్పుకుంటున్నారు. ఎవరైనా సరే ఆటలో రెండు చేతులూ ఎత్తుతారు."

"అయితే మీరొకసారి నిలబడండి ఆంటీ," అంది సెర్వా.

"అదెంత పని." మన్సా సంచి కుర్చీలో పెట్టి, ఆఫీసు చెప్పులు విడిచి, తెర ముందుకి వచ్చి నిలబడింది. రెండు చేతులూ ఎలా ఎత్తాలో తల్లికి చూపిద్దామనే వచ్చింది.

కుడివైపు ఒక పిల్లాడు వచ్చాడు. తాకింది. ఎడమవైపు తెల్లగడ్డం ఆయన వచ్చాడు. మన్సా ఎడమచెయ్యి ఎత్తాలనుకుంది. అది నడుం వెనక ఉంది. ఎప్పుడు వెళ్లిందో ఆమెకి తెలియదు. కుడిచెయ్యి అటు తిప్పేసరికి ఆయన వెళ్లిపోయాడు. ఈసారి చూద్దామని పళ్లు బిగించింది. ఎడమవైపు తలగుడ్డ అమ్మ వచ్చి ఆమెనే చూస్తోంది, అచ్చు చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దావిడలా. మన్సా చెయ్యి సగం దాకా లేచి, మోచెయ్యి దగ్గర ఆగి, కిందికి దిగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. ఆట అయ్యేదాకా ఎడమవైపు వాళ్లందరూ ఒకరి తరవాత ఒకరు చిన్నబుచ్చుకునే వెళ్లారు.

సెర్వా కంప్యూటర్ వైపు చూసి దాన్ని మన్సా వైపు తిప్పింది. తల్లి గురించి చెప్పిన మాటే అది కూతురి గురించీ చెబుతోంది.

"అమ్మా, నీక్కూడా ఎడమవైపు పోతోందా?" అని అడిగింది అరబా, నిజంగానే భయపడి.

మన్సా తన ఎడమచేతిని ముందుకి తెచ్చుకుని చూసుకుంది. వేళ్లు ముడిచింది, చాపింది. బ్యాంకులో రోజంతా నోట్లు లెక్కపెట్టే చెయ్యి అది. చిన్నప్పుడు దాని మీద దెబ్బలు కొట్టి వెనక్కి పంపింది ఎవరో ఆమెకి తెలుసు. ఆ మనిషి ఎదురుగానే నిలబడి, కూతుర్ని ఏడిపించే అవకాశం వచ్చినా ఏమీ అనకుండా, నేల వైపు చూస్తోంది.

"అమ్మా," అంది మన్సా. వెళ్లి తల్లి భుజం మీద తలపెట్టింది. అంత పొడుగు మనిషి వంగాల్సి వచ్చింది. బెన్యివా ఆమె వీపు మీద తట్టింది, కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి.

"మీరు ముగ్గురూ కలిసి ఒకసారి ఆడతారా?" అని అడిగింది సెర్వా. "రాయడానికి కాదండీ. ఊరికే."

ముగ్గురూ వరసలో నిలబడ్డారు, మధ్యలో మన్సా. మొదటి మొహం ఎడమవైపు వచ్చినప్పుడు ఆమె చెయ్యి నడుం వెనకే ఉండిపోయింది. రెండోసారి అరబా మోచేత్తో పొడిచింది. "ఎడమచెయ్యి, ఏమనుకోకండి," అంది మన్సా, వినబడీ వినబడనట్టు. చెయ్యి లేచింది. ఆవిడెవరో పకపకా నవ్వింది. మన్సాకి కూడా నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతోనే.

శనివారం పొద్దున కూడలిలో టకొరాడి వ్యాను నిండటానికి చాలాసేపు పట్టింది. కిటికీ పక్క సీట్లో మన్సా కూర్చుంది. పక్క సీటు ఎవరో ఉల్లిపాయల బుట్టతో ఎక్కినావిడకి దొరికింది. ఆసుపత్రికి వచ్చే నెల తప్పకుండా వెళ్లాలి, బాణలికి అడుగు దూరంలో ఉండాలి అని కిటికీలోంచి ఇంకా చెబుతూనే ఉంది. వ్యాను కదిలింది. బెన్యివా కుడిచెయ్యి ఎత్తి ఊపింది. ఎడమచెయ్యి అరబా పట్టుకుని ఉంది, వదల్లేదు.